జపాను సీసాలును, మన నలుగును



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పేరు వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. 35 సంవత్సరములు బడిలో లెక్కలు చెప్పి, ఇప్పుడు కొబ్బరితోట చూచుకొనుచున్న ముసలివాడు ఆడపిల్లలు మొగము కడుగుకొను పద్ధతిని గూర్చి ప్రసంగించుట యేమి వింత యని మీకు తోచినయెడల ఆ తప్పు మీది కాదు. కడవరకు వినుడు. ఇది పిల్లల విషయమో, పెద్దల విషయమో అప్పుడు మీరే నిర్ణయింపవచ్చును.

మాది కోనసీమలో మామిడికుదురు మండలమునందలి నగరము. పేరు నగరమే కాని యూరు పల్లెయే. గడచిన సంక్రాంతికి, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మా పెద్దమనుమరాలు ఇంటికి వచ్చినది. వచ్చిన నాడే నూతిగట్టు ప్రక్కనున్న గూటిలో ఆరు సీసాలు వరుసగా పెట్టినది. ఉదయము కొన్ని, రాత్రి కొన్ని వాడుచుండెను. వరుస మాత్రము తప్పనీయదు. ఒకదాని తరువాత నొకటి, నడుమ కొంత నిదానము. రెండు దినములు చూచి, “ఏమమ్మా, ఇది మొగము కడుగుకొనుటయా, సంధ్యావందనమా?” యని యడిగితిని. “జపాను పద్ధతండీ తాతగారూ. మీరు మాకు లెక్కలు చెప్పేవారు కదా, మెట్టు దాటితే జవాబు తప్పుతుందని. ఇదీ అంతే” అని నవ్వినది.

ఆమె చెల్లెలు మాత్రము నవ్వలేదు. తలుపు చాటున నిలిచి, ఓణీ కొంగుతో సగము మొగము కప్పుకొని ఆ సీసాలవైపు చూచుచుండెను. ఆ పిల్ల మొగ మేల కప్పుకొన్నదో నాకు తెలియును. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ యారు సీసాల లెక్క తేల్చుకొందము.

మొదటిది నూనె. తడి లేని మొగమునకు దీనిని మెల్లగా మర్దించి, పిమ్మట కొంచెము నీరు తగిలింతురు. అప్పుడది పాలవలె తెల్లబారును. వెంటనే కడిగివేయుదురు. నూనెతో మొగము కడుగుట యేమి యని నేనును అనుకొంటిని. కాని పనసకాయ కోసిన చేతి జిగురు నీటితో వదలునా? నూనె రాచికొన్ననే కదా వదలును. జిడ్డును జిడ్డే కరగించును. జపానులో కబుకి యను నాటకము లాడు నటులును, గెయిషా లను నాట్యకత్తెలును మొగమునకు దట్టముగా తెల్లరంగు పూసికొనెడివారు. అట్టి పూత నీటికి లొంగదు. పగటి పూతను రాత్రి నూనెతో దింపుట వారికి అవసరమైన పని. నేటి పిల్లలు పూసికొను ఎండకాపు లేపనము కూడ నీటికి సులభముగా పోవునది కాదు. కావుననే యీ మొదటి మెట్టు.

రెండవది నురుగు. నూనెతో పోనిది చెమట, దుమ్ము. ఇవి నీటికి వదలునవి. నురుగును అరచేతిలోనే రేపి, దానిని మొగమున కద్దుదురేకాని రుద్దరు. సబ్బు వాడుకలోనికి రాకపూర్వము జపాను స్త్రీలు చిన్న గుడ్డసంచిలో తవుడు పోసి మూటగట్టి, వేడినీట తడిపి, దానితో మొగము తుడుచుకొనెడివారు. తవుడును వారు ‘నుక’ యందురు. మనము విరిగిన బియ్యమును నూక యందుము. ఈ మాటలకు చుట్టరికము లేకపోవచ్చును గాని, రెండును వడ్ల దంపుడులోనివే. మన యిండ్లలో గేదెల కుడితిలోనికి పోవు తవుడు వారి యింట స్నానపు గదిలోనికి పోయినది.

మూడవది ‘కెషోసుయి’. అలంకార జల మని దాని యర్థము. చూచుటకు నీటివలెనే యుండును. మొగము తడి యారకమునుపే దీనిని అద్దుదురు. మీకు విశేషముగా తోచు సంగతి యొకటి చెప్పెదను. మనము పచ్చడి చేసికొను నేతిబీర తీగను జపానువారు పూర్వమునుండియు ఇందుకు వాడిరి. కాయలు ముదిరిన కాలమున తీగను నేలకు కొంత యెత్తున కోసి, వేరువైపు నున్న కొనను సీసా మూతిలో దూర్తురు. వేరు పీల్చిన నీరు రాత్రియంతయు బొట్టుబొట్టుగా సీసాలో దిగును. ఆ నీటిని వడగట్టి మొగమునకు పూసికొనెడివారు. తరువాత ఈ నీళ్లు అంగడి సరకులైనవి. టోక్యో నగరములోని గింజా వీథిలో 1872లో మందుల దుకాణముగా ప్రారంభమైన షిసెయిడో సంస్థ 1897లో యూడర్మిన్ అను నెర్రని నీటిని అమ్మకమునకు పెట్టినది. జపాను సీసాల వర్తకములో అది పేరుపొందిన తొలి సరకులలో నొకటి.

నాలుగవది ‘బియోఎకి’. ఏదో యొక ప్రత్యేక ప్రయోజనమునకై చేసిన చిక్కని సారము. ఇది యందరికి అవసరమైనది కాదు; ధర మాత్రము అన్నిటికంటె హెచ్చు. ఐదవది ‘న్యూఎకి’. పాలవంటి ద్రవమని అర్థము. నీరును నూనెయు విడిపోకుండ కలిపిన లేపనము. మూడవ మెట్టున పెట్టిన నీరు ఆవిరియై పోకుండ ఇది పైన మూతవలె నిలుచును. ఆరవది పగటికి మాత్రమే, ఎండకాపు. దాని సీసాపై రెండు గుర్తు లుండును. ఎస్.పి.ఎఫ్. అను అంకె చర్మమును కమిలించు కిరణములనుండి రక్షణను తెలుపును. పి.ఎ. అను అక్షరముల ప్రక్కనున్న కూడిక గుర్తులు, లోతుగా దిగి చర్మమును నల్లబరచి ముడుతలు తెచ్చు కిరణములనుండి రక్షణను తెలుపును. ఈ రెండవ గుర్తు 1996లో జపానువారు ఏర్పరచినదే.

మొత్తము మీద లెక్క యింతే: తీసివేయవలసినది ముందు తీసివేయుట, పిమ్మట పలుచనిదానినుండి చిక్కనిదానికి పోవుట, కడపట నీడ పట్టుట. చిక్కనిది ముందు పూసినచో పలుచనిది లోనికి పోదు. వరుసకు కారణ మిదియే.

ఇంతకును ఈ నీరు పెట్టుట, మూత పెట్టుట యెందుకు? దీనిని నేను పుస్తకములో చదువలేదు. మా యూరి కష్టములో తెలిసికొంటిని. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మా నగరములో గ్యాసు గొట్టము ప్రేలి మంటలు లేచినవి. 20 మందికి పైగా ప్రాణములు పోయినవి. ఇండ్లును, కొబ్బరిచెట్లును మాడిపోయినవి. ఆ దినములలో ఆసుపత్రికి పోయి, కాలినవారికి సెలైను సీసామీద సీసా యెక్కించుట చూచితిని. గాయము పైన నుండగా నీరు లోపలి కేల యని అచ్చటి వైద్యు నడిగితిని. “మాస్టరుగారూ, చర్మం కాలువగట్టు లాంటిదండి. గట్టు తెగినచోట ఒంట్లో నీరు నిలవదు” అని యాయన చెప్పెను.

చర్మము యొక్క మొదటి పని యందము కాదు. లోని నీటిని లోననే నిలిపి, బయటి విషమును బయటనే యాపుట. ఆ పని చేయునది పైపొర. అది కాగితముకంటెను పలుచన. దానిని ఇటుకల గోడగా భావింపుడు. ఎండిన కణములు ఇటుకలు. వాని నడుమ నున్న క్రొవ్వు సున్నము. క్షారము హెచ్చుగా గల సబ్బుతోను, మరుగు నీటితోను, పీచుతోను మాటిమాటికి తోమినయెడల ఆ సున్నము కొట్టుకొని పోవును. గోడ నెరియలు పడును. అప్పుడు దురద, మంట, పొక్కు, పొట్టు. సీసా జపానుదైనను, బెంగుళూరుదైనను, అది చేయవలసిన పని యీ గట్టును కాపాడుట మాత్రమే.

ఇక మన పద్ధతిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. దీపావళి నాటి తెల్లవారుజామునను, భోగినాడును, ఉగాదినాడును మన యింటి ఆడవారు ఏమి చేసెడివారు? ముందు నువ్వులనూనెయో కొబ్బరినూనెయో తలకును ఒంటికిని పట్టించి కొంతసేపు ఆగుమనెడివారు. పిమ్మట సున్నిపిండితో నలుగు పెట్టెడివారు. తలకు కుంకుడుకాయ రసము. తరువాత గోరువెచ్చని నీళ్లు. నూనె మురికిని కరగించును. పిండి ఆ జిడ్డులో హెచ్చుభాగమును పీల్చుకొని రాలిపోవును. కుంకుడు రసము సబ్బువలె నురుగు నిచ్చి తల శుభ్రము చేయును. ఇందులో నొక మర్మము కలదు. పిండి నూనెనంతయు తీసివేయదు. సన్నని పూత చర్మముపై మిగిలియుండును. జపానువారి ఐదవ సీసా చేయు పని ఆ మిగిలిన నూనెయే చేయును. అందుచేతనే నలుగు పెట్టుకొన్ననాడు మనకు వేరే లేపనము అక్కరలేకపోయెడిది. నలుగు ముగిసిన పిమ్మట మరల సబ్బుతో పరపర తోముకొనువారు చేతిలోని లాభమును కాలువలో పారవేసికొనుచున్నారు.

ఇట్లు చెప్పినంతమాత్రమున మనవారికి తెలియనిది లేదని నేను ప్రగల్భములు పలుకను. మన పద్ధతిలో లోపములును కలవు. గరుకు పిండిని పసిబిడ్డల లేతచర్మముపై బలముగా రుద్దుట తప్పు. మొటిమలు, పుండ్లు ఉన్నచోట రుద్దుట మరింత తప్పు. మొటిమలు వచ్చు వయసు పిల్లలకు మొగముమీద కొబ్బరినూనె పట్టించినచో అవి హెచ్చవచ్చును. నిమ్మరసము పూసికొని యెండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లని మచ్చలు పడవచ్చును. ఎండకాపు సంగతి మన నలుగులో లేనేలేదు. తలపాగా, తాటాకు గొడుగు, పైటచెంగు మాత్రమే మన యెండకాపులు. అవి మంచివే. ఇప్పటికిని చేలో ఊడ్పులకు దిగు ఆడవారికి వానికంటె చవుకయైన రక్షణ వేరొకటి లేదు.

అట్లే జపానువారి పద్ధతిని యథాతథముగా దింపుకొనుటయు పొరపాటే. టోక్యోలో చలికాలము పొడిగాలి వీచును. అచ్చట నీటిమీద నీరు, లేపనముమీద లేపనము అవసరము. మన కోనసీమలో సముద్రపుగాలి, కాలువల తేమ. రోహిణికార్తెలో చెమట తుడుచుకొనుటకే తుండుగుడ్డ చాలదు. ఆ యుక్కలో చిక్కని లేపనము పూసినచో చెమటపొక్కులే ఫలము. ధనుర్మాసపు చలిలో మాత్రము పెదవులు, మడమలు పగులువారికి పాలలేపనము మేలు చేయును. ఊరిని బట్టి, ఋతువును బట్టి మెట్లు తగ్గించుకొనవలెను.

ఇప్పుడు మా చిన్నమనుమరాలి సంగతి. ఆమె యనుమతితోనే చెప్పుచున్నాను.

రెండేండ్ల క్రిందట ఆమెకు ఒక సంబంధమువారు వచ్చి చూచి పోయిరి. పిల్ల బుద్ధిమంతురాలే కాని చామనచాయ యని మధ్యవర్తిచేత కబురంపిరి. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ముల్లు గ్రుచ్చినవారిని వదలి నేను పిల్లమీద పడితిని. “ఏదైనా పూసుకోరాదా అమ్మా, అందరూ పూసుకోవడం లేదా” యని, జేబులోనుండి డబ్బు తీసి యిచ్చితిని. ఆమె యొక దుకాణములో నెవరో చెప్పిన గొట్టము కొని తెచ్చుకొన్నది. మూడు వారములలో మొగము నిగనిగలాడినది. నేను సంతోషించి, అరుగుమీద నలుగురితో ఆ మాట చెప్పుకొంటిని కూడ.

నాలుగు నెలలకు బుగ్గలు కందినవి. ఎండ తగిలిన మంట. సన్నని పొక్కులు. గడ్డమున నూగు వెండ్రుకలు. పూత మానిన మరునాడే మంట రెట్టింపగును. మరల పూసిన చల్లారును. కాకినాడలో చర్మవైద్యునికి చూపితిమి. ఆ గొట్టములో స్టీరాయిడు ఉన్నదని యాయన చెప్పెను. అది మంచి మందే. వైద్యుడు చెప్పినచోట, చెప్పినన్నాళ్లు వాడినచో ఉపకారము చేయును. నెలల తరబడి మొగమునకు పూసినయెడల చర్మమును పలుచబరచి, తనకు బానిసగా చేసికొనును. ఇట్టి స్టీరాయిడు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని మన ప్రభుత్వము 2018లో స్పష్టము చేసియే యున్నది. తామరకని, మంగుకని, తెలుపుకని వానిని అడిగి కొనుక్కొను అలవాటు మాత్రము మన గ్రామములలో పోలేదు.

వైద్యుడు, “ఇది ఎవరు కొనిచ్చారమ్మా?” అని యడిగెను. నేను ప్రక్కనే యున్నాను. నోరు పెగలలేదు. “నేనే కొనుక్కున్నానండీ” అని పిల్ల చెప్పినది. 35 సంవత్సరములు పిల్లలకు నిజము చెప్పవలెనని నేర్పినవాడను. నా మనుమరాలు నన్ను కాపాడుటకై అబద్ధమాడగా విని యూరకుంటిని. ఈ ప్రసంగము ఆనాడు చెప్పవలసిన జవాబు.

ఈ తెలుపు పిచ్చి మనకే పరిమితము కాదు. తెల్లదనము ఏడు లోపములను కప్పు నని జపానులోను నొక సామెత కలదు. ఆ సామెతకు వారు చెల్లించిన మూల్యము వినుడు. నటులు పూసికొను తెల్లరంగులో సీసము కలిపెడివారు. 1887లో చక్రవర్తి యెదుట ఆడుచుండగా నాలుగవ నాకమూర ఫుకుసుకె యను ప్రసిద్ధ నటునికి కాలు వణకినది. అది సీసపు విషమని తేలి దేశమంతట అలజడి పుట్టినది. అయినను సీసపు పూత తయారీని చట్టము నిషేధించుటకు 1934 వరకు పట్టినది. అంతటితో ముగిసినదా? 2013 జూలైలో కనెబో యను పెద్ద సంస్థ తన తెలుపు లేపనములను అంగళ్లనుండి వెనుకకు తీసికొన్నది. వానిలోని రోడోడెనాల్ అను పదార్థమువలన వేలకొలది స్త్రీలకు మొగమునను చేతులను తెల్లమచ్చలు పడినవి. ప్రభుత్వము అనుమతించిన సరకే, పేరుగన్న సంస్థ సరకే అట్లు చేసినది. 2021లో ఆ వ్యాపార సముదాయమే ‘తెలుపు’ అను మాటను తన సరకుల మీదనుండి తొలగింతునని ప్రకటించినది.

పాదరసము కథ మరియొకటి. జపానులోని మినమాత తీరమున కర్మాగారపు పాదరసము చేపలలోనికి, చేపలనుండి మనుష్యులలోనికి చేరి భయంకర వ్యాధి పుట్టించినట్లు 1956లో బయటపడినది. ఆ యూరి పేరనే 2013లో పాదరసమును అరికట్టుటకు అనేక దేశములు ఒడంబడిక చేసికొన్నవి. 2018లో మన దేశము దానిని స్థిరపరచినది. లేపనములలోని పాదరసము వేరు రూపము. కాని అదియు విషమే. కేరళలోని కొట్టక్కల్‌లో వైద్యులు తెలుపు లేపనములు వాడినవారిలో మూత్రపిండముల జబ్బును కనుగొని 2023లో హెచ్చరించిరి. చర్మమునకు పూసినది చర్మముతోనే ఆగదు. తల్లి బుగ్గకు పూసినది ఆమె నానుకొని నిదురించు బిడ్డకును అంటును.

నేతిబీరకాయలో నేతి యెంతయో, తెలుపు లేపనములో మేలంత. గొట్టముపై తయారుచేసినవారి చిరునామా, అందులోని పదార్థముల పట్టిక లేనిచో దానిని ఇంట అడుగు పెట్టనీయకుడు. రెండు వారములలో తెల్లబరతు నన్నచో అదియే మొదటి యనుమానము. ఇదివరకే వాడుచున్న పిల్ల యున్నచో కోపపడకుడు, ఒక్కసారిగా మాన్పింపకుడు. గొట్టమును చేతబట్టుకొని చర్మవైద్యుని వద్దకు తోడు వెళ్లుడు.

సంక్రాంతి నాటికి వైద్యుడు మా చిన్నమనుమరాలికి వ్రాసి యిచ్చినవి మూడే: మృదువుగా కడుగునది, తేమ నిలుపు లేపనము, ఎండకాపు. సువాసన లేనివి. పెద్దమనుమరాలు ఆ చీటిని చదివి, తన యారు సీసాలను చూచుకొని, “తాతగారూ, నాకూ మూడు చాలేమో” అన్నది. కనుమనాడు అక్కచెల్లెండ్రిద్దరును నూతిగట్టుమీద కూర్చుండి ఆ మూడు మెట్లే చేసిరి. నాడు చిన్నది ఓణీ కొంగు తీసివేసి నాకు కాఫీ తెచ్చి యిచ్చినది. మొగమున ఎరుపు కొంత మిగిలియే యుండెను. చామనచాయ తిరిగి వచ్చుచుండెను. దానిని చూచి నాకు కలిగిన సంతోషము, ఆ మూడు వారముల నిగనిగను చూచినప్పుడు కలుగలేదు.

పెద్దలారా, సీసాలు పిల్లలవి, మాటలు మనవి. పెండ్లిచూపుల అరుగుమీద ‘చాయ తక్కువ’ యన్న మాట పుట్టినచోటనే ఆ గొట్టము అమ్ముడుపోవుచున్నది. మీ యింటికి వచ్చు సంబంధమువారు ఆ మాట అన్నయెడల, వారికి కాఫీ యిచ్చి సాగనంపుడు. మీ నోట ఆ మాట రాబోయినయెడల మ్రింగివేయుడు. పిల్ల చర్మమునకు కావలసినది శుభ్రము, తేమ, నీడ. మొదటి రెండును నీటిలోను, నూనెలోను దొరకును. మూడవదానిలో సగము మన చేతిలో నున్నది. ఇంటి పెద్ద నీడయే నీడ.